ఏ లోటుకి ఈ బిళ్ళ?

(భీమవరంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక రిటైర్డ్ ప్రభుత్వ ఫార్మసిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. సభికుల ప్రశ్నల్లో కొన్నింటినే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరుసకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గిస్తే ఇంకా బాగా వినపడుతుంది.

నన్ను పిలిచిన మాస్టారు ఫోన్లోనే హెచ్చరించారు. "రోజూ ఒక మల్టీవిటమిన్ వేసుకోవచ్చా, వద్దా? తేల్చి చెప్పండి, గంటసేపు నానబెట్టకండి" అన్నారు. (నవ్వులు) తేల్చే చెబుతానండి. కాకపోతే దానికి అవును, కాదు అనే జవాబు లేదు, ఎదురు ప్రశ్న ఉంది. మీ ఒంట్లో ఏ లోటు పూడ్చడానికి ఆ బిళ్ళ? లోటు పేరు చెప్పగలిగి, అది నిజంగా ఉంటే గనక అంత చౌకగా, అంత గట్టిగా పనిచేసే మందు మరొకటి దొరకదు. పేరు చెప్పలేకపోతే డబ్బు దండగ. ఒక్క డబ్బే దండగైతే నేను మైకు పట్టుకునేవాణ్ణి కాదు.

ఈ మాట చెప్పడానికి మన డెల్టాని మించిన చోటు లేదు. ఎందుకంటే విటమిన్ లోటు అంటే ఏమిటో మన తాతలు ఒళ్ళప్పగించి చూశారు. బెరిబెరి అనే పేరు ఇప్పుడు పిల్లల క్విజ్‌లో తప్ప వినపడదు. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, పిక్కలు నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది, పాదాలు ఉబ్బుతాయి, చివరికి గుండె చాలిస్తుంది. పాలిచ్చే తల్లికి ఆ లోటుంటే ఇంకా ఘోరం. తల్లి పనులు చేసుకుంటూనే ఉంటుంది, చంటిబిడ్డ ఉన్నట్టుండి పోతుంది. 1835లో మాల్కంసన్ అని మద్రాసు సైన్యంలో డాక్టరు దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఈ జబ్బుకి ఆయన చూపించిన పుట్టిల్లు ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా. ఆ తర్వాత నూరేళ్ళకి, 1941లో కూడా కూనూరు పోషకాహార ల్యాబొరేటరీ వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీలో "బెరిబెరి ప్రాంతం" అని వేరే గీత గీసి, అక్కడి పసిపిల్లల చావుల లెక్కలు తీశారు. ఆ గీత లోపల ఉన్నది మనమే.

అన్నపూర్ణ లాంటి నేలలో, రెండు పంటలు పండే చోట, కడుపు నిండా తినేవాళ్ళకి ఈ జబ్బేమిటి? దోషమంతా ఆ నిండిన కడుపులోనే ఉంది. బి1 అనే విటమిన్, థయమిన్ అంటారు, గింజ పైపొరలోనూ మొలక దగ్గరా ఉంటుంది. బియ్యం తెల్లగా చేసేకొద్దీ అది తవుడుతో పాటు గేదెల కుడితిలోకి పోతుంది. మిగిలిన కాస్తా నాలుగుసార్లు కడిగిన కడుగులోనూ, వార్చిన గంజిలోనూ పోతుంది. మరి కేరళ వాళ్ళూ బెంగాలీలూ తినేది అన్నమేగా, వాళ్ళకి ఇంత లేదేం? వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఆడితే పైపొరలోని బి1 ఉడికేటప్పుడే గింజ లోపలికి దిగిపోతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా చాలావరకు నిలుస్తుంది. మనకి పచ్చిబియ్యం మోజు. తమాషా ఏమిటంటే, మన బొండాలు ధాన్యాన్ని మన మిల్లుల్లోనే ఉప్పుడు బియ్యం చేసి కేరళకి పంపిస్తాం. మంచిది వాళ్ళకి ఎక్కించి, తెల్లది మనం వండుకుంటాం.

అటు జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు 1890లలో కోళ్ళకి తెల్లన్నం పెడితే కాళ్ళు పడిపోవడం, తవుడు కలిసిన బియ్యం పెడితే లేచి తిరగడం చూశాడు. 1929లో నోబెల్ ఇచ్చారు. మన దేశంలో 1918లో మెక్‌కారిసన్ కూనూరులో ఒక్క గదిలో "బెరిబెరి ఎంక్వయిరీ" మొదలుపెట్టాడు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఉందే, దానికి మూలం ఆ గదే. అంటే మన రోగం మీద పుట్టిన సంస్థ అది.

ఈ పాత కథ ఎందుకు చెప్పానంటే, తవుడు పిడికెడు తింటే చచ్చేవాడు లేచి నడిచాడు. అది చూసినవాళ్ళకి తవుడు అమృతంలా కనపడింది. కానీ బెరిబెరి లేని వస్తాదు బస్తా తవుడు తిన్నా ఇంకో వస్తాదు కాడు. విటమిన్ వ్యాపారమంతా ఈ రెండో మనిషికి మొదటి మనిషి కథ చెప్పి అమ్మడమేనండి.

ఇక మన ఊరి మనిషి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న ఇక్కడే, భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు, రక్తం నీరైపోతుంది. ఆయనకీ ఆ జబ్బు తగిలి తప్పింది. అమెరికా వెళ్ళారు, 1945 నాటికి లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకి మందు దొరికింది. అదే ఫోలిక్ యాసిడ్ ఈ రోజు గర్భిణి ప్రతి ఒక్కరి చేతిలో ఎర్ర బిళ్ళగా ఉంది. అరవై మిల్లీగ్రాముల ఐరన్, ఐదు వందల మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, ఆశా కార్యకర్త ఉచితంగా ఇస్తుంది. బయట రంగు డబ్బాలో వందల రూపాయలు పోసి కొన్నదానికన్నా తక్కువదేం కాదు.

అక్కడితో కథ ఆగిపోతే బాగుండేది. ఆ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ కొత్త మోజు కదా, రక్త క్యాన్సరు ఉన్న పిల్లలకీ ఇచ్చి చూశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గమనించిందేమిటంటే, పిల్లల్లో క్యాన్సరు తగ్గడం మాట దేవుడెరుగు, ఇంకా పుంజుకుంటున్నట్టుంది. కణం వేగంగా పెరగడానికి కావలసిన సరుకు అది, మంచి కణమా చెడ్డ కణమా అని దానికి తేడా లేదు. అప్పుడు సుబ్బారావు గారి బృందమే ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందు చేసి ఇచ్చింది. దాని వంశంలోదే ఇప్పటి మెథోట్రెక్సేట్. మన సభలో కీళ్ళవాతానికి అది వాడేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండే ఉంటారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి సుమండీ, రోజూ కాదు. వారం బిళ్ళని రోజు బిళ్ళ అనుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. దాంతో పాటు వేరే రోజున ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, అది డాక్టరు రాసినట్టే.

చూశారా, విటమిన్ అంటే మంచిదే కదా, ఎక్కువైతే ఏమవుతుంది అనే మాట 1940లలోనే చెల్లలేదు.

ఆ తర్వాత ఇంకా గట్టి పాఠాలు వచ్చాయి. క్యారెట్‌లో, బొప్పాయిలో, మునగాకులో ఉండే బీటా కెరోటిన్ ఎక్కువగా తినేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువని గమనించారు. అయితే బిళ్ళగా ఇద్దామన్నారు. ఫిన్లాండులో సిగరెట్లు తాగే 29 వేల మంది మగవాళ్ళకి ఏళ్ళ తరబడి ఇచ్చి, 1994లో లెక్క తీస్తే బిళ్ళ వేసుకున్నవాళ్ళలోనే క్యాన్సరు 18 శాతం ఎక్కువ! అమెరికాలో అలాంటి పరీక్షనే ఇంకొకటి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. విటమిన్ ఇ కూడా అంతే, ప్రోస్టేట్ క్యాన్సరు రాకుండా కాపాడుతుందేమోనని 35 వేల మందికి ఇచ్చి చూస్తే 2011లో తేలిందేమిటి? 17 శాతం పెరిగింది. చుట్ట, సిగరెట్, బీడీ అలవాటున్నవాళ్ళు బీటా కెరోటిన్ ఉన్న డబ్బా ఇంట్లో ఉంటే అవతల పడేయండి. మునగాకు పప్పు మాత్రం ఎంతైనా తినండి, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

విటమిన్ సి గురించి ఎవరూ నా మాట వినరు, కోవిడ్ వచ్చి వెళ్ళిన దగ్గర్నించి మరీను. లైనస్ పాలింగ్ అని ఎవరితోనూ పంచుకోకుండా రెండు నోబెల్ బహుమతులు అందుకున్న మహానుభావుడు, 1970లో జలుబుకి సి విటమిన్ గ్రాములకి గ్రాములు తినమన్నాడు. అంతటివాడు చెప్పాడని లోకమంతా తింది. తర్వాత జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ తిన్నా మామూలు మనుషులకి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో ఎనిమిది శాతం ముందు తగ్గింది. వారం జలుబైతే సగం రోజు. దానికోసం ఏడాది పొడుగునా బిళ్ళలా? మగవాడికి రోజుకి కావలసింది 80 మిల్లీగ్రాములు, ఒక మోస్తరు జామకాయలో అంతకి రెట్టింపు ఉంటుంది. గ్రాములకి గ్రాములు మింగితే కిడ్నీలో రాళ్ళ భయం కూడా ఉంది. కోవిడ్ రోజుల్లో మొదలుపెట్టిన జింకు బిళ్ళ ఇంకా ఆపనివాళ్ళున్నారు. అది ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో వాడితే ఒంట్లో రాగి పడిపోయి రక్తం తగ్గుతుంది. కోవిడ్ పోయింది కదండీ, దాన్నీ పంపించేయండి.

మరి మామూలు మల్టీవిటమిన్ మాటేమిటని మాస్టారు చూస్తున్నారు. వస్తున్నా. 2024లో అమెరికాలో మూడు పెద్ద అధ్యయనాలు కలిపి, ఆరోగ్యంగా ఉన్న 3 లక్షల 90 వేల మందిని ఇరవై ఏళ్ళకి పైగా గమనించిన లెక్క వచ్చింది. రోజూ మల్టీవిటమిన్ వేసుకునేవాళ్ళు మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలం ఏమీ బతకలేదు. పెద్దగా చెడూ చేయదు. నాకు పొద్దున్నే అది వేసుకుంటే తృప్తి అంటే నేను మీతో తగువు పెట్టుకోను. మూత్రం పచ్చగా వస్తే బి2 అటు నుంచి అటే పోతోందని గుర్తు, కంగారు పడకండి.

ఇక మన వయసువాళ్ళకి నిజంగా ఉండే లోటు చెబుతాను, ఇది కొంచెం శ్రద్ధగా వినండి. బి12.

ఇది మొక్కల్లో ఉండదు. చేపలో, గుడ్డులో, మాంసంలో, పాలలో ఉంటుంది. శుద్ధ శాకాహారులు పాలు, పెరుగు కూడా తగ్గిస్తే లోటు వస్తుంది. అయితే చేప లేనిదే ముద్ద దిగని ఇళ్ళలో కూడా ఇప్పుడిది కనపడుతోంది. ఎందుకు? షుగరుకి పదేళ్ళుగా మెట్‌ఫార్మిన్, దాని మీద రోజూ పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ. ఈ రెండూ తిన్న బి12ని ఒంటబట్టనివ్వవు. లివరులో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది గనక వెంటనే తెలియదు. ఆ నిల్వ అయిపోయాక అరికాళ్ళలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, రాత్రి మంటలు, నడుస్తుంటే తూలడం, మతిమరుపు. షుగరు వల్ల నరాలు పోయాయిలే అనుకుంటాం. డాక్టరూ ఒక్కోసారి అలాగే అనుకుంటాడు. కొంత షుగరే కావచ్చు, కొంత మాత్రం బి12 ఇస్తే తిరిగొచ్చేది. ఆలస్యమైతే అదీ తిరిగి రాదు.

ఇక్కడ ఇందాకటి ఫోలిక్ యాసిడ్ మళ్ళీ వస్తుంది. బి12 లోటుకీ, ఫోలిక్ యాసిడ్ లోటుకీ రక్తంలో ఒకేలాంటి మార్పు కనపడుతుంది. నీరసంగా ఉందని ఎవరో ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చారనుకోండి, రక్తం బాగుపడుతుంది, మొహం కళకళలాడుతుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. రక్తం బాగుంది గనక ఎవరూ వెతకరు. అందుకే "బలానికి" అని పేరు లేని బిళ్ళ వేసుకోవద్దంటాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఈసారి షుగరు పరీక్షకి వెళ్ళినప్పుడు, బి12 కూడా చూడమని మీరే నోరు తెరిచి అడగండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మానకండి, అది నేను అనలేదు.

అలాగే వీధి చివర డాక్టరు దగ్గర సెలైన్‌లో ఎర్ర ఇంజెక్షన్ కలిపి ఎక్కించుకుంటే ప్రాణం లేచొస్తుందంటారు చూడండి. ఆ ఎర్ర రంగు బి12దే. లోటుంటే మంచిదే. లేనివాడికి ఆ రంగే పనిచేస్తుంది. (నవ్వులు)

డి విటమిన్ ఇంకో రకం. ఇంత ఎండ కాసే చోట డి తక్కువేమిటని మా నాన్నగారి తరం వాళ్ళు నవ్వేవారు. నాట్లకీ కోతలకీ పొలంలో ఉన్నప్పుడు తక్కువ కాలేదు. ఇప్పుడు ఇంట్లో ఏసీ, బైటికి కారు. తక్కువైనవాళ్ళకి డాక్టర్లు 60,000 యూనిట్లది వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. చీటీ మీద "వారానికి ఒకటి" అని ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ చీటీ బీరువాలో, మందు డబ్బాలో. డబ్బాలో మిగతావన్నీ రోజు బిళ్ళలే గనక ఇదీ రోజూ పడుతుంది. లేదా ఎనిమిది వారాలు అయిపోయాక కూడా, షాపతను ఎరిగినవాడే గనక, ఇంకో అట్ట ఇస్తూనే ఉంటాడు. రోజుకి కావలసింది 600 యూనిట్లు. 60,000 రోజూ వేసుకుంటే వంద రెట్లు! నీళ్ళలో కరిగేదైతే పోయేది, ఇది కొవ్వులో నిలుస్తుంది. రక్తంలో కాల్షియం పెరిగి దాహం, మలబద్ధకం, వాంతులు, తికమక మాటలు, చివరికి కిడ్నీ. ఆసుపత్రిలో అడ్మిషన్ కాగితంతో పాటు ఇంటి నుంచి తెచ్చిన మందుల సంచీ విప్పితే, అడుగున ఇవి కుప్పగా ఉండేవి. ఇంట్లోవాళ్ళు ఇది కూడా మందేనా అనేవారు. విటమినే కదా అని డాక్టరుకి చెప్పేవాళ్ళు కాదు.

లోటు లేనివాళ్ళకి డి వేస్తే గుండెపోటు, క్యాన్సరు ఆగుతాయా అని అమెరికాలో దాదాపు 26 వేల మందికి ఐదేళ్ళపాటు రోజుకి 2000 యూనిట్లు ఇచ్చారు. ఆగలేదు. ఎముకలు విరగడమూ తగ్గలేదని 2022లో చెప్పారు. లోటున్నవాడికి ఇదే డి ఎముకకి ప్రాణం. మళ్ళీ అక్కడికే వచ్చాం.

మన చుట్టూ రొయ్యల చెరువుల రైతులున్నారు, ఈ సభలోనూ ఉన్నారు. చెరువులో మినరల్స్ చల్లాలంటే మీరేం చేస్తారు? నీళ్ళు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపిస్తారు. ఉప్పు శాతం ఎంత, ఆల్కలినిటీ ఎంత, కాల్షియం మెగ్నీషియం ఎంత అని కాగితం చూశాకే బస్తా కొంటారు. మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రేలో మేత మిగిలితే మేత తగ్గిస్తారు తప్ప, పోనీలే బలానికి ఇంకో నాలుగు కేజీలు వేద్దామనరు. ఎందుకంటే ఎక్కువైతే నీరు చెడుతుందని తెలుసు. రొయ్యకి చేసే పాటి పరీక్ష యజమాని తనకి చేయించుకోడు, వాట్సాప్‌లో వచ్చింది వేసుకుంటాడు.

అయితే అన్నిటికీ పరీక్షలు చేయించండని కూడా నేను అనను. మూడు వేల రూపాయల "ఫుల్ బాడీ ప్యాకేజీ"లో విటమిన్లన్నీ చూసి, గీతకి కాస్త కింద ఉన్న ప్రతిదానికీ బిళ్ళ రాయించుకోవడం ఇంకో పిచ్చి. హిమోగ్లోబిన్, అవసరమైనవాళ్ళకి బి12, డి. మామూలుగా అంతే.

రక్తహీనత మాట చెప్పి ప్రశ్నలకి వస్తాను. దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో వందకి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మన జిల్లాలు దీనికి మినహాయింపు కాదు. అందుకే రేషన్ బియ్యంలో కిలోకి పది గ్రాముల చొప్పున బలవర్ధక గింజలు కలిపారు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్ళీ బియ్యపు గింజ ఆకారంలో చేసినవి. మన ఊళ్ళలో ఏం చేశారు? నీళ్ళలో పోస్తే తేలుతున్నాయి, ప్లాస్టిక్ బియ్యం అని చేటలో వేసి ఒక్కొక్కటీ ఏరి పారబోశారు. టీవీల వాళ్ళు వచ్చి చూపించారు. ఉచితంగా అన్నంలో వచ్చిన ఐరన్‌ని కాకులకి వేసి, నీరసంగా ఉందని టానిక్కు సీసా కొనుక్కున్నాం.

ఇప్పుడు అడగండి.

*మా అబ్బాయి అమెరికా నుంచి పెద్ద డబ్బాలు తెస్తాడండి, చేపనూనె, గమ్మీలు, జుట్టుకి బయోటిన్. అక్కడివి మంచివే కదా?*

అబ్బాయి ప్రేమ మంచిదేనమ్మా. అక్కడ 1994లో ఒక చట్టం వచ్చింది, దాని ప్రకారం సప్లిమెంటు అమ్మాలంటే అది పనిచేస్తుందని ముందుగా ప్రభుత్వానికి రుజువు చేయక్కర్లేదు. అమెరికాది గనక పరీక్షించి ఉంటారనుకోకండి. చేపనూనె గురించి ఇందాక చెప్పిన 26 వేల మందికే అదీ ఇచ్చి చూశారు, గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్కువ మోతాదులో గుండె లయ తప్పే అవకాశం కూడా ఉంది. మీ ఇంట్లో వారానికి రెండుసార్లు చేపల పులుసు ఉంటుందిగా? ఇంకేం. బయోటిన్ మాత్రం జాగ్రత్త. రక్తపరీక్షని అది తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ రిపోర్టు తారుమారవుతుంది, గుండెపోటు తెలుసుకోడానికి చేసే ట్రోపోనిన్ పరీక్ష, గుండెపోటు ఉన్నా లేనట్టే చూపించవచ్చు. పరీక్షకి వెళ్ళేముందు వాడుతున్నానని చెప్పాలి. గమ్మీలు మనవలకి అందకుండా పైన పెట్టండి, చాక్లెట్ అనుకుంటారు. ఐరన్ ఉన్నదైతే పసివాళ్ళకి విషమే.

*డబ్బా చూసి మందా, మామూలు సరుకా అని ఎలా తెలుస్తుంది?*

మంచి ప్రశ్నండి. మన దేశంలో సప్లిమెంటు ఆహారం కింద లెక్క, మందు కింద కాదు. దాని మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటాయి. "హెల్త్ సప్లిమెంట్" అనీ, ఔషధంగా వాడడానికి కాదనీ ఇంగ్లీషులో రాసి ఉండాలి. భూతద్దం పెట్టుకుని చదవండి. ముందు అట్ట మీద గుండె బొమ్మ, మోకాలి బొమ్మ ఉంటాయి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో మందు కాదని ఉంటుంది. షుగరు తగ్గిస్తాం, కీళ్ళు అరిగితే మళ్ళీ పుట్టిస్తాం అని ఎవడైనా రాశాడంటే వాడు చట్టం తప్పినట్టే. ఆయుర్వేదం పేరుతో వచ్చే పొడులకీ ఇదే జాగ్రత్త. పసుపు కూరలో వేస్తే పసుపు. దాని సారం తీసి, మిరియాల సారం కలిపి బిళ్ళ చేస్తే లివరు దెబ్బతిన్నవాళ్ళున్నారు.

*కంటి శుక్లాలకి లూటిన్ బిళ్ళలు రాశారండి.*

శుక్లాలకైతే ఆపరేషనే, బిళ్ళలతో పోవు. రెటీనా మధ్యభాగం అరిగే జబ్బు ఒకటుంది, అది మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళకి లూటిన్, జింకు, సి, ఇ ఒక లెక్క ప్రకారం కలిపి ఇస్తే ముదరడం నెమ్మదిస్తుందని గట్టి పరీక్షల్లో తేలింది. ఈ రెంటిలో మీకేదో డాక్టర్నే అడగండి. చూశారా, మళ్ళీ ఏ లోటుకి, ఏ జబ్బుకి అనే.

*నేను థైరాయిడ్ బిళ్ళ, కాల్షియం, ఐరన్ మూడూ వాడుతున్నాను. మర్చిపోతానని పొద్దున్నే అన్నీ ఒకేసారి వేసేసుకుంటాను.*

అయ్యో అమ్మా! మూడింట్లో ఒక్కటీ సరిగ్గా పనిచేయదు. థైరాయిడ్ బిళ్ళ పరగడుపున ఒక్కటే, నీళ్ళతో. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల ఎడం. ఆ రెండూ మళ్ళీ ఒకదానికొకటి పడవు. ఐరన్ మధ్యాహ్నం వేసుకుని కాల్షియం రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. ఐరన్‌కి ముందూ వెనకా గంటన్నర టీ, కాఫీ వద్దు, కాస్త నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడి మానకండి. అలాగే గుండె కవాటం మార్పించుకుని రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేవాళ్ళు కె విటమిన్ ఉన్న మల్టీవిటమిన్ చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

*మా కోడలికి రెండో నెలని మొన్న తెలిసింది. ఫోలిక్ యాసిడ్ ఇప్పుడు రాశారు. గర్భం రాకముందే వేసుకోవాలని అంటుంటారు కదా. ఆలస్యమైపోయిందా?*

ముందు శుభాకాంక్షలండి. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే, చాలామందికి నెల తప్పిందని అప్పటికి తెలియనే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. 1991లో ఇంగ్లండ్ వాళ్ళు తేల్చారు, అంతకుముందు అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి ముందు నుంచి ఎక్కువ మోతాదు ఇస్తే మళ్ళీ రావడం దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గింది. అలా అని వేసుకోనివాళ్ళందరికీ లోపం రాదు, అత్యధికులకి బిడ్డ చక్కగానే పుడుతుంది. అమ్మాయిని టెన్షన్ పెట్టకండి. రాసినవి ఈ రోజు నుంచే వేయించండి, రక్తం పట్టడానికి అవి ఎలాగూ కావాలి. మూడు నెలలు నిండాక ఐరన్ బిళ్ళ ఇస్తారు, కాన్పు దాకా, ఆ తర్వాత ఆరు నెలలూ మానకూడదు. 18 నుంచి 20 వారాల మధ్య తీసే స్కానింగ్ తప్పించకండి, వెన్ను సంగతి అందులో చూస్తారు. ఇంట్లో ఇంకో అమ్మాయి ఎవరైనా పిల్లల కోసం చూస్తుంటే, ఆమెకి మాత్రం రేపు పొద్దున్నే మొదలుపెట్టించండి.